కమిటీ జాబితాలో మొదటి పేరు

అది 1998వ సంవత్సరం. మచిలీపట్నంలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో నేను ఆఫీసు సూపరింటెండెంటుని. ఎయిడెడ్ అంటే యాజమాన్యం ప్రైవేటుది, జీతం ప్రభుత్వానిది, తలనొప్పి మాత్రం ఆఫీసు వాళ్లది. అప్పటికి పదిహేడేళ్లుగా నేను టైపు చేసిన కాగితాలన్నీ వరసగా పరిస్తే బందరు నుంచి పామర్రు దాకా వస్తాయి. వాటిలో ఒక్క జాబితా గురించి చెప్పడానికి ఇది రాస్తున్నాను. లెక్చరర్ల పనంటే గంట కొట్టగానే వెళ్లి పాఠం చెప్పి రావడమేగా, మిగతా రోజంతా ఖాళీయేగా అని బయటివాళ్లు అనుకుంటారు. వాళ్ల మధ్యనే కూర్చుని నేనూ అలాగే అనుకున్నాను, సిగ్గుచేటు.

ఆ ఏడాది నవంబరులో పైనుంచి తనిఖీ బృందం వస్తుందన్నారు. మేమందరం దాన్ని టీమ్ అనేవాళ్లం. టీమ్ కంటే ముందు, సెప్టెంబరులో, ఒక ప్రొఫార్మా వచ్చింది. ప్రొఫార్మా అంటే గడులు గీసి పంపిన నమూనా పత్రం. మామూలుగా మేము పంపేది వర్క్‌లోడ్ స్టేట్‌మెంటు, అంటే ఎవరు వారానికి ఎన్ని పీరియడ్లు చెబుతున్నారో చూపే పట్టిక. ఈసారి అది చాలదట. ప్రతి లెక్చరరూ ఒక వారం తన సమయం ఎలా గడిచిందో గంటల్లో రాసివ్వాలి. బోధన, ప్రాక్టికల్స్, పరిశోధన, పఠనం, చివర ‘ఇతరములు’. ఆ ఇతరముల గడి వెడల్పు నా బొటనవేలంత.

కాగితాలు పంచి వారం గడువిచ్చాను. మగవాళ్లవి రెండోరోజే వచ్చేశాయి. ఫిజిక్సులో ఒకాయన వారానికి పద్నాలుగు గంటలు ‘పరిశోధనాత్మక పఠనం’ అని రాశారు. స్టాఫ్ రూములో ఆయన చదివే దినపత్రికలో సినిమా పేజీ నలిగినంతగా ఇంకే పేజీ నలగదని మా అటెండరుకి కూడా తెలుసు. అయినా నాకేం, గడులు నిండాయి, మొత్తం సరిపోయింది, టిక్కు పెట్టాను.

ఆడవాళ్లవి మాత్రం రావు. మా కాలేజీలో అప్పుడు ఐదుగురు లేడీ లెక్చరర్లు. తెలుగు మేడమ్ గారు వచ్చి, “ముఖ్య అతిథికి బొకే ఇవ్వడానికి పిల్లల్ని ఎంపికచేసి రిహార్సల్ చేయిస్తాం కదండీ, అది ఏ గడిలో రాయాలి?” అని అడిగారు. ఇతరములు అన్నాను. “మరి సెలవు పెట్టిన వాళ్ల క్లాసులు మేము తీసుకుంటే?” అదీ ఇతరములే అన్నాను. “అందులో ఇన్ని పట్టవండి,” అన్నారావిడ. చిన్నగా రాయండి అన్నాను. నిజంగా అన్నాను ఆ మాట.

చివరి రోజున జువాలజీ కరుణకుమారి గారు వచ్చారు. ఆవిడది బంటుమిల్లి దగ్గర పల్లె, మిషను బడి పంతులు గారమ్మాయి. మాట మెత్తన, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆ చేతిరాతే ఆవిడ కొంప ముంచిందని తర్వాత నాకు అర్థమైంది. ప్రొఫార్మాకి విడిగా రెండు కాగితాలు గుండుసూదితో గుచ్చి ఇచ్చారు.

“గడిలో పట్టలేదండి. విడిగా రాశాను. ఇంటి పని రాయలేదు లెండి, కాలేజీ పనే.”

చదివాను. సోమవారం మధ్యాహ్నం, ఫస్టియర్ అమ్మాయి కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లి, వాళ్ల వాళ్లు గుడివాడ నుంచి వచ్చేదాకా కూర్చోవడం. మంగళవారం, వేరొకరి ప్రాక్టికల్స్. బుధవారం, ప్రిన్సిపాల్ గారి వార్షిక నివేదిక శుభ్రప్రతి రాయడం, మూడు గంటలు. గురువారం, వీడ్కోలు సభకి టిఫిన్ల ఏర్పాటు. శుక్రవారం, హాజరు తక్కువైన ఆడపిల్లల తల్లిదండ్రులతో మాట్లాడటం. శనివారం, ముగ్గుల పోటీ. పరిశోధన అన్న చోట ఆ వారానికి సున్నా.

ప్రిన్సిపాల్ గారు ఆ కాగితాలు చూసి మొహం చిట్లించారు. “అదనపు పత్రాలు జతపరచరాదు అని కింద ఉంది కదయ్యా. తీసెయ్యి.”

గుండుసూది పీకింది నేనే. కాగితాలు నా సొరుగులో పడేసి, ఇతరములు గడిలో ‘2’ అని టైపు చేశాను. ఎందుకు రెండు అంటే, గడిలో పట్టింది. దాంతో అందరి వారమూ నిండుగా ఉండి, ఆవిడ వారం ఒక్కటే సగం ఖాళీగా కనిపించింది. ప్రిన్సిపాల్ గారు అభిప్రాయం అన్న చోట, ‘సమయాన్ని సద్వినియోగం చేసుకోవలసి ఉన్నది’ అని రాయించారు. అదీ నేనే టైపు చేశాను, అక్షర దోషం కూడా లేకుండా.

ఇక్కడ కెమిస్ట్రీ వెంకటేశ్వరరావు గారి సంగతి చెప్పాలి. ఆయనా, కరుణకుమారి గారూ 1983లో ఒకే రోజున ఉద్యోగంలో చేరారు. చేరిన మరుసటి ఏడాది వార్షికోత్సవ భోజనాలు ఆయనకి అప్పగించారు. పెరుగు సగం పంక్తికే అయిపోయింది. యాజమాన్యం పెద్దాయన మజ్జిగ అడిగితే మంచినీళ్లొచ్చాయి. అప్పటి ప్రిన్సిపాల్ గారు మండిపడి, “ఈయనకి జన్మలో ఏ పనీ చెప్పకండి,” అన్నారు. నేను జాబితాలో ఆయన పేరు కొట్టేసి, అదే రోజు మిఠాయిల ఏర్పాటు చక్కగా చేసిన కరుణకుమారి గారి పేరు రాశాను. ఆ తర్వాత ఆయన రోజూ ఒంటిగంటన్నరకి లేబొరేటరీ పక్క గదిలో తలుపేసుకునేవారు. ఐదారేళ్లలో పీహెచ్‌డీ వచ్చింది, రీడరు, అంటే లెక్చరరుకి పైమెట్టు, ప్రమోషనూ వచ్చింది. కష్టపడి చదివారు, కాదనను. కానీ ఆ తలుపు ఎవరూ తట్టలేదు.

కరుణకుమారి గారూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్నారు. దివిసీమలో నాగాయలంక దాటాక మడచెట్ల మధ్య కాలువలుంటాయి, అక్కడి మండపీతల మీద ఆవిడ పరిశోధన. గైడు, అంటే పరిశోధన నడిపించే ప్రొఫెసరు, పెట్టిన షరతు ఒకటే. పన్నెండు నెలలు వరసగా, ప్రతి అమావాస్యకీ, మహా అయితే ఒకరోజు అటూ ఇటూ, సముద్రం పాటు మీద ఉన్నప్పుడు వెళ్లి పీతల్ని పట్టి, కొలిచి రాసుకోవాలి. పాటు అంటే నీరు వెనక్కి తీసే వేళ. ఒక్క నెల తప్పినా వరస పోయినట్టే. అంతకు ముందు రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ మధ్యలో కాలేజీ పని పడి తప్పిపోయారు. గడువు పొడిగింపు అదే ఆఖరు, మార్చితో నమోదు రద్దు. అది పోతే ఇక రీడరు పోస్టు మాట మర్చిపోవాల్సిందే. ఆ ఏడు జనవరి నుంచి ఒక్క అమావాస్య కూడా తప్పకుండా వెళ్లొచ్చారు. దీపావళి అమావాస్యనాడు, వాళ్లు క్రైస్తవులు గనుక ఇంట్లో పండగ లేదు, అదీ గడిచిపోయింది. మిగిలినవి రెండే, కార్తీక అమావాస్య, మార్గశిర అమావాస్య.

టీమ్ తేదీలు వచ్చాయి. బుధ, గురు, శుక్రవారాలు. కార్తీక అమావాస్య గురువారం.

ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. “గురువారం ఒక్కరోజు కావాలండి.”

“ఆ మూడు రోజులూ ఎవరికీ సెలవు లేదని సర్క్యులర్ ఇచ్చాం కదండీ మేడమ్ గారూ.”

“తెలుసండి, సంతకం పెట్టాను. పోనీ ముందు రోజో వెనక రోజో అంటే అదీ టీమే. గురువారం మధ్యాహ్నం రెండింటికి పాటు. పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కితే అందుకుంటాను. ప్రిన్సిపాల్ గారు కుదరదన్నారు. మీరొకసారి చెబితే…”

“భోజనాలూ, ఆహ్వానమూ, సాంస్కృతిక కార్యక్రమమూ అన్నీ మీ మీదే ఉన్నాయి. మీరు లేకపోతే ఏదీ నడవదండి,” అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. “ఆ మాట పదిహేనేళ్ల నుంచీ వింటున్నానండి. ఒక్కసారి నడవకుండా ఆగిపోతే ఎంత బాగుండును,” అన్నారు. అంతలో అటెండరు గంట కొట్టాడు. ఆవిడ క్లాసుకి వెళ్లిపోయారు.

మా నాన్న గిలకలదిండిలో వల పట్టినవాడు. పాటు ఎవరి కోసమూ ఆగదని నాకు ఒకరు చెప్పాలా? ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియక ముందు కమిటీల ఫైలు తీశాను, ఆవిడ బదులు ఎవరినైనా వెయ్యొచ్చేమోనని. వెనక్కి తిప్పుకుంటూ వెళ్లాను. ఏటా అదే జాబితా. ఆఫీసులో మా పద్ధతి అది. పోయినేటి కాగితం పక్కన పెట్టుకుని, పైన సంవత్సరం మార్చి, కింద ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యడం. భోజనాలు, కరుణకుమారి గారు. ఆహ్వానం, కరుణకుమారి గారు. విద్యార్థినుల సమస్యలు, కరుణకుమారి గారు. ఎవరూ కుట్ర చెయ్యలేదు, ఎవరూ ఆలోచించనూ లేదు. పద్నాలుగు జాబితాలు, ప్రతి దాని మూలనా నా పొట్టి సంతకం. చేతగాని వాడికి విశ్రాంతి, చేతనైన ఆవిడకి శిక్ష, రెండూ నా టైపు మిషను మీదుగానే వెళ్లాయి. ఫైలు విసిరికొట్టాలనిపించింది. అప్పటికే టీమ్‌కి కార్యక్రమ పత్రం పంపేశామన్న వంకతో, మూసి లోపల పెట్టాను. పిరికితనం అంటారు దాన్ని.

బుధవారం టీమ్ దిగింది, ముగ్గురు పెద్దమనుషులు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కరుణకుమారి గారు స్వయంగా వడ్డిస్తున్నారు. టీమ్ అధ్యక్షులు తింటూనే నేను తయారుచేసిన పట్టిక తిరగేస్తున్నారు.

“ఈ కరుణకుమారి ఎవరండీ? వారంలో సగం ఖాళీగా కనిపిస్తోంది, పరిశోధన కూడా సున్నా.”

ప్రిన్సిపాల్ గారు విస్తరి మీదికి వంగి సాంబారు కలుపుకోసాగారు. పక్కనే ఉన్న ఆవిడ అన్నారు, “నేనేనండి. గారె ఇంకొకటి వెయ్యమంటారా?”

ఆయన చెయ్యి ఆగింది. మర్యాదస్తుడే, సర్దుకుని, “పోన్లే అమ్మా, ఆడవాళ్లకి ఇల్లూ పిల్లలూ ఉంటారు, టైమెక్కడ కుదురుతుంది,” అన్నారు.

“ఇల్లు కాదండి, ఇది,” అని చేతిలో ఉన్న గారెల పళ్లెం చూపించి, పక్క విస్తరికి వెళ్లిపోయారు.

నేను గబగబా ఆఫీసుకి వెళ్లి సొరుగులోంచి ఆ రెండు కాగితాలూ తెచ్చి ఆయన పక్కన పెట్టాను. ప్రిన్సిపాల్ గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అధ్యక్షులు ఎడమచేత్తో పట్టుకుని రెండు పేజీలూ పూర్తిగా చదివారు. చదివి, తిరిగి ఇచ్చేశారు. “పాపం. కానీ మేము ప్రొఫార్మాలో ఉన్నదే తీసుకోవాలి. మీ ఫైల్లో పెట్టుకోండి.” తర్వాత పెరుగు వేయించుకున్నారు. పెరుగు పుష్కలంగా ఉంది, ఎందుకుండదు?

ఇక నాకు ఓపిక చచ్చిపోయింది. సాయంత్రం నాలుగింటికి కొత్త సర్క్యులర్ టైపు చేశాను. గురువారం భోజనాల కమిటీ కన్వీనరు, వెంకటేశ్వరరావు గారు. ఆహ్వానం, ఫిజిక్సు ఆయన. సాంస్కృతికం, కామర్సు వాళ్లు. ఆఖరి వాక్యం, జువాలజీ మ్యూజియం నమూనాల సేకరణ నిమిత్తం శ్రీమతి కరుణకుమారి గారికి దివిసీమకు ఓ.డి. అంటే ఆన్ డ్యూటీ, సెలవు కిందికి రాదు, కాలేజీ పని మీద వెళ్లినట్టు. అది సంతకాల ఫోల్డరులో పరీక్ష ఫీజు నోటీసుకీ, కరెంటు బిల్లుకీ మధ్యన పెట్టాను. ఫోల్డరులోది ప్రిన్సిపాల్ గారు ఏనాడూ చదివి సంతకం పెట్టలేదు. ఆ రోజూ చదవలేదు. అది సరైన పని అని నేను చెప్పను. ఇంకో దారి తోచలేదు.

వెంకటేశ్వరరావు గారు కాగితం పట్టుకుని నవ్వుతూ వచ్చారు. “నా సంగతి తెలిసీ నాకు భోజనాలా? ఆ రోజు పెరుగు తక్కువైంది కాబట్టే నాకు పీహెచ్‌డీ వచ్చిందయ్యా. ఎందుకు చెడగొడతావు?”

“కరుణకుమారి గారికి తక్కువవ్వలేదండి. అందుకే రాలేదు,” అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. “ఆవిడకింకా రాలేదా? ఎప్పుడో వచ్చేసిందనుకున్నానే.” పదిహేనేళ్లు ఒకే వరండా, ఒకే రోజు చేరినవాళ్లు. నిజంగానే ఆయనకి తెలియదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే అదీ కుదరనివ్వలేదు. “పాలవాడు ఎవరు ఇప్పుడు?” అని అడిగి వెళ్లారు.

కరుణకుమారి గారికి కాగితం ఇస్తే రెండుసార్లు చదివారు. “ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారా?” అన్నారు. “పెట్టారు. మీరు పొద్దున ఏడింటి బస్సుకి వెళ్లిపోండి. కాలేజీ వైపు మాత్రం రాకండి,” అన్నాను.

గురువారం పది గంటలకి ప్రిన్సిపాల్ గారు, “కరుణకుమారి ఏదీ?” అని ఆరుసార్లు అడిగారు. ఆఫీసు కాపీ తీసుకెళ్లి ఆయన సంతకం ఆయనకే చూపించాను. ఆ తర్వాత ఆయనన్న మాటలు ఇక్కడ రాయను. టీమ్‌కి ఆహ్వానం పలకాల్సిన ఫిజిక్సు ఆయన తప్పు గేటు దగ్గర నిలబడ్డారు. భోజనం గంటంపావు ఆలస్యం. అధ్యక్షులు ఆకలికి ఆగలేక రెండు అరటిపళ్లు తిన్నారు. సాంబారులో ఉప్పు లేదు. పెరుగు మాత్రం పాత భయంతో వెంకటేశ్వరరావు గారు ఎంత తెప్పించారంటే, సాయంత్రం స్టాఫంతా క్యాన్లు పట్టుకుని ఇళ్లకి తీసుకెళ్లారు. ఇంతా జరిగి కాలేజీ కూలలేదు. తనిఖీ నివేదికలో భోజనం ఆలస్యం గురించి ఒక్క ముక్క లేదు.

ఇక్కడ ఇంత గందరగోళం జరుగుతుంటే, అక్కడ నాగాయలంక అవతల నాంచారయ్య అనే పడవాయన సాయంతో ఆవిడ మోకాళ్లలోతు బురదలో దిగి పీతలు కొలుచుకున్నారు. శుక్రవారం పొద్దున కాలేజీకి వచ్చి నా బల్ల ముందు ఆగి, “దొరికాయండి,” అన్నారు. అంతే. గోళ్లల్లో బురద ఇంకా ఉంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ అడిగారు. ‘సంతకమైన కాగితమును అమలు పరచితిని’ అని ఒక్క వాక్యం రాసిచ్చాను. దాని మీద ఇంకేమీ చెయ్యలేక ఊరుకున్నారు. మార్గశిర అమావాస్య నాడు పరీక్షల డ్యూటీ పడితే, పేర్లు అక్షర క్రమంలో వేసి, ఆవిడ వంతు ఆ రోజు రాకుండా చూశాను. పన్నెండు నెలలూ పూర్తయ్యాయి. మార్చిలోపు థీసిస్ ఇచ్చారు. 2000లో డాక్టరేట్ వచ్చింది.

ఇక్కడితో ఆపితే నేను మంచివాణ్ణి అయిపోతాను. ఆపకూడదు.

డాక్టరేట్ వచ్చాక స్టాఫ్ మీటింగులో ఆవిడకి సన్మానం చేద్దామని తీర్మానించారు. అది హాల్ టికెట్ల సీజను, నాకు ఊపిరి సలపడం లేదు. కమిటీల కాగితం చకచకా కొట్టి పంపేశాను. మర్నాడు కరుణకుమారి గారు ఆ సర్క్యులర్ పట్టుకొచ్చి నా ముందు పెట్టి, మొదటి వరస మీద వేలుంచారు.

ఆహ్వాన, అల్పాహార కమిటీ. కన్వీనరు: డాక్టర్ కరుణకుమారి గారు.

డాక్టర్ అని కొత్తగా చేర్చడం మాత్రం మర్చిపోలేదు. కింద మూలన నా పొట్టి సంతకం.

“నా సన్మానానికి ఉప్మా నేనే చూసుకోవాలాండీ?” అన్నారు. నవ్వలేదు.

అన్నీ తెలిసినవాణ్ణి. మెమో కూడా తీసుకున్నవాణ్ణి. బుద్ధి వచ్చింది తలకే గానీ వేళ్లకి రాలేదు. పాత కాగితం పక్కన పెట్టుకోగానే వేళ్లు వాటి పని అవి చేసేశాయి. ఈ వ్యవహారం నాకు నేర్పింది అదే. అన్యాయానికి చెడ్డవాడు అక్కర్లేదు, పోయినేటి ఫైలు చాలు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ కమిటీ జాబితా తయారు చేసినా పాత ఫైలు ఇంకో గదిలో పెట్టించి, తెల్లకాగితం మీద మొదలుపెట్టాను.

ఆ రోజు మాత్రం తల ఎత్తలేకపోయాను. “క్షమించండి మేడమ్ గారూ, మారుస్తాను,” అన్నాను.

“పర్వాలేదు లెండి,” అన్నారావిడ. అంటూనే, సర్క్యులర్ చదివాక అందరూ చేసేట్టే, సంతకాల రిజిస్టరు కోసం చెయ్యి చాచారు. రెండో చేతిలో పెన్ను మూత అప్పటికే తీసి ఉంది.

నేను రిజిస్టరు లాక్కుని సొరుగులో పెట్టి తాళం వేశాను.